దూది పరిచిన గూడు

"ఇది పేగు కాదు. ఇది దూది!"

హుసేనమ్మ చేతిలోని కత్తి ఠంగుమని బండమీద పడింది.

కోడి మెడకింది తిత్తి చీలి ఉంది. అందులోంచి ఆమె వేలు పెట్టి లాగిన ముద్ద పీటమీద కూర్చుంది. నిమ్మకాయంత ఉంది. నల్లగా, జిగటగా, పులిసి పాడైపోయిన కలి కంపు కొడుతోంది. చెంబుతో నీళ్ళు పోసి వేలితో విప్పితే లోపల పోగులు కనిపించాయి. కోడికి మేత తిత్తిలో నూకలుండాలి, రాళ్ళుండాలి. పోగులేమిటి?

"తూ!" పక్కకు తిరిగి ఉమ్మింది.

నిన్న ఒక కోడి రెక్కలు వాల్చి చచ్చింది. ఈ పొద్దు ఇది కూడా మెడ వేలాడేస్తుంటే, ప్రాణం ఉండగానే పీరా సాబ్ బిస్మిల్లా చెప్పి కోసి పెళ్ళాం ముందర పడేసి పోయాడు. కూరకు పనికొస్తుందనే ఆశ ఇంట్లో అందరికీ ఉంది. ఇప్పుడు ఆ మాంసం వైపు చూడబుద్ధి కావడం లేదు.

"ఏందమ్మా ఆ అరుపు?" అంటూ సర్దార్ పెరట్లోకి వచ్చాడు. మిల్లులో ఈ వారం అతనికి రాత్రి పాళీ. నిద్ర కళ్ళు ఇంకా తెరుచుకోలేదు.

"రా నాయనా, రా. నీ నవాబు కోడి ఏం మేసిందో చూద్దువు గాని."

సర్దార్ వంగి చూశాడు. చూసి, చూడనట్టు నిలబడ్డాడు.

ఎమ్మిగనూరులో మగ్గం నేసే మద్దయ్య ఇంట కొయ్యగూడు చూసి వచ్చిన దినం నుంచి ఈ పిల్లవాడికి నిద్ర లేదు. వాళ్ళ జేజి నాటి మట్టిగూడు పడగొట్టాడు. ముంగిసకు అందకుండా రాళ్ళు పేర్చి ఎత్తుమీద కొత్తది కట్టాడు. కిరసనాయిలు డబ్బాలు చీల్చి పైకప్పు వేశాడు. తలుపుకు బందులు కూడా బిగించాడు. అంతా అయినాక మిల్లులో ఊడ్చి పారేసే దూది తెచ్చి లోపల జానెడు మందం పరిచాడు. "మగ్గమోళ్ళు కొయ్య పెట్టినారు. మనం దూదేకులోళ్ళం. మన కోడి దూది మీద పండుకోవాల" అని వీధంతా వినబడేట్టు చెప్పుకున్నాడు. నవాబు కోళ్ళని జనం నవ్వుతుంటే, పొగుడుతున్నారనుకున్నాడు.

"దూది ఎందుకు మేస్తాదమ్మా? నూకలు వేస్తానే ఉండాం కదా."

"మిల్లు దూదిలో గింజ ముక్కలుంటాయి కదరా! ఆ గింజ కోసం పొడిచి పొడిచి దూది మింగినాయి. మనిషి మింగినా చస్తాడు, కోడి ఎంత?"

"రెండు కోళ్ళు పోతే పోయినాయి. ఇంగా నాలుగుండాయి."

"నాలుగూ పోతాయి. రాసిపెట్టుకో."

ఆమె లేచి గూటి తలుపు తీసింది. తీసీ తియ్యగానే ముఖం తిప్పుకుంది. పగలంతా డబ్బారేకు కాగడం, తెల్లారుజామున అదే రేకు చెమట పట్టి చుక్కలు కారడం. ఆ తడంతా దూది తాగింది. దానిమీద రెట్ట, రెట్టమీద ఈకలు, మళ్ళా తడి. అది దూదిలా లేదు. ఏదో జంతువు చచ్చి లోపల కుళ్ళుతున్నట్టుంది. కర్రతో ఒక పొర లేపితే కింద సన్నని ఆవిరి లేచింది.

ఇంకా వంగి చూడబోయిన హుసేనమ్మ చెయ్యి విదిలించింది. మళ్ళా విదిలించింది. ముంజేతి మీద ఆవగింజలో సగం కూడా లేని చుక్కలు పైపైకి పాకుతున్నాయి.

"పేలు! కోడిపేలు! యా అల్లాస్వామీ, ఇల్లంతా పేలు!"

వంటింటి గుమ్మంలో కోడలు మరియంబీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఈ ఇంటికొచ్చి ఏడాది కాలేదు. అత్త చేతిమీద బూడిద పోసి రుద్దింది. రుద్దుతూ తన చేతులు కూడా చూసుకుంది.

"అగ్గి పెట్టురా దానికి" అంది హుసేనమ్మ.

"అగ్గి ఎందుకమ్మా? బాగు చేస్తా. దూదంతా తీసేస్తా. అడుగున వెదురు దబ్బలు సందులు పెట్టి కొడతా, రెట్ట కిందికే రాలిపోతాది. కింద ఇసుక, పైన బూడిద. గోడలకు సున్నం. ఈ పక్క రేకు కోసి జాలీ పెడితే గాలి ఆడతాది."

"బాగు చేస్తానే ఉండు నువ్వు. అవి చస్తానే ఉంటాయి."

"నీకేం చేసినా తప్పే. నేను పట్టించుకోకుండా ఉంటినా? పేలు కనపడితే పోయిన వారమే ఒకసారి దూది మార్చితిని. పాతదంతా తీసి మిద్దె మీద ఎండేస్తిని. ఎండకు పేలు చస్తే మళ్ళా గూట్లోకే వేద్దామని."

హుసేనమ్మ బూడిద చేతులు గాలిలోనే ఆగాయి.

"మిద్దె మీదనా?"

"ఆ."

"ఆ దూది ఇప్పుడు యాడుంది?"

"నువ్వే కదా పారేసినావు?"

"నేనెప్పుడురా పారేసింది? మిద్దె ఎక్కేదానికి నా మోకాళ్ళు ఒప్పుకొంటాయా?"

తల్లీ కొడుకూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెరట్లో మిగిలిన కోళ్ళు మాత్రం కుర్రుమంటూ తిరుగుతున్నాయి. ముందు సావిడిలోంచి పీరా సాబ్ దూదేకే విల్లు మోత వినబడుతోంది. టంయ్, టంయ్, టంయ్.

మరియంబీ తల దించుకుంది.

"మరియంబీ, నువ్వు చూసినావా?"

కోడలు కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"నిన్నే పాపా. నోరు తెరువు."

"మామ దించుకొచ్చినాడత్తా... గోతాంలో ఎత్తి. పాత పరుపు దూది అనుకున్నట్టుండాది."

"చూసి కూడా చెప్పకపోతివా?"

"మామతో నేనెట్ల మాట్లాడేది? మీరే కదత్తా మామ ఎదురుగా పలకొద్దన్నది. మీతో చెప్దామంటే మీరు ఊర్లో లేరు, ఈయన మిల్లులో ఉండె. మళ్ళా... మళ్ళా మరిచిపోయినా."

కోడలు మామ ఎదుట పలకరాదన్నది ఈ ఇంటి కట్టు. ఆ కట్టు పెట్టింది తానే.

ఇంక ఆయన్ని మాత్రం ఏమనాలి? పాత పరుపులు విప్పి, గడ్డలు కట్టిన దూదిని మిద్దెమీద ఎండేసి, దాన్ని ఏకి మళ్ళా కొత్తదిగా కుట్టివ్వడమే ఆ ఇంటి కూడు. ఆ మిద్దెమీద పసుపు రంగు తిరిగి గడ్డలు కట్టిన దూది ఎండుతోందంటే అది ఎవరిదో పరుపులోదే. పీరా సాబ్ తాతకాలం నుంచీ ఆ మిద్దె మీద ఇంకో రకం దూది ఎండింది లేదు.

హుసేనమ్మ సావిడిలోకి నడిచింది. నడవలేదు, పడుతూ లేస్తూ పోయింది.

"విల్లు ఆపు."

పీరా సాబ్ తలెత్తలేదు. రెప్పలమీద, మీసంమీద, భుజాలమీద దూది నురగ. "ఈ వాయ కానీ. ఆపితే మళ్ళా ఊపు రాదు. ఏందో చెప్పు."

"ఆపమంటాండా కదా!"

మోత ఆగింది.

"మిద్దె మీద నుంచి గోతాంలో దించినావు చూడు, ఆ దూది ఏం చేసినావు?"

"ఏం చేస్తా? ఏకినా."

"అది కోళ్ళగూట్లోది!"

పీరా సాబ్ నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపాడు. వెనకాల వచ్చి నిలబడ్డ కొడుకు ముఖం చూశాడు. తన రెండు చేతులూ ముక్కు దగ్గరకు తెచ్చుకుని వాసన చూసి, వాటిని పంచెకు తుడిచాడు. తుడిచి మళ్ళా తుడిచాడు.

"వాసన తెలియలేదా నీకు?"

"ఏ వాసన తెలియాలే? బాలింతల పరుపులు, మంచం పట్టిన ముసలోళ్ళ పరుపులు, పిల్లల ఉచ్చ పరుపులు, అన్నీ ఈ చేతులతోనే విప్పినా. ముక్కు చచ్చి ముప్పై ఏండ్లయింది. ఏ కంపు మనిషిదో ఏ కంపు కోడిదో నాకేం తెలుసు?"

"యాడికి పోయిందా దూది? ఎవురింటికి?"

ఆయన విల్లు తాడుకు చిక్కిన దూది పీకుతూ కూర్చున్నాడు.

"చెప్పు నాయనా" అన్నాడు సర్దార్.

"నువ్వు నోర్ముయ్ రా. నీ గూడు తెచ్చిన చేటు." పీరా సాబ్ విల్లు గోడకు ఆనించాడు. "కన్యకమ్మ తొట్టెల పరుపు. వాళ్ళిచ్చిన పాత దూది ఏకినాక దుమ్ముగా పోంగా తక్కువ పడింది. పక్కన ఇది ఉండె. కలిపి కుట్టినా."

హుసేనమ్మ తన బూడిద చేతులు చూసుకుంది.

తొట్టెల పరుపు. కన్యకమ్మ పెనిమిటి విశ్వేశ్వరయ్య శెట్టి ఇల్లు. గుడ్డు పెంకు వీధిలో కనబడితే పసుపు నీళ్ళు చల్లించే ఇల్లు. వాళ్ళ కూతురు వాసవి తొలిచూలు కాన్పు. మొన్న సోమవారం పసిబిడ్డను ఆ పరుపుమీదే తొట్టెల్లో వేశారు. హుసేనమ్మే స్వయంగా తీసుకుపోయి ఇచ్చింది. నాలుగు మూలలా పసుపు పెట్టి, కళ్ళకద్దుకుని, కన్యకమ్మ లోపలికి తీసుకుపోయింది.

పసిబిడ్డ చెవిలో ఆ పురుగు దూరితే? ముక్కులో దూరితే? ఊపిరి ఆడకపోతే? ఇప్పటికే ఆ ఇంట్లో ఏమైనా అయిపోయి ఉంటే, ఆ కబురు ఇంకా ఇక్కడికి చేరలేదేమో!

"నేను పోయి చెప్తా" అని గుమ్మం వైపు తిరిగింది.

"చెప్పినావంటే" పీరా సాబ్ గొంతు తగ్గింది, "ఆదోనిలో ఇంగెవురు మనకు పరుపిస్తారు? కోమటోళ్ళ ఇండ్లు ఒక్కటొక్కటే మూతబడతాయి. ఈ ముసిలితనంలో నేను మిల్లుకు పోయి మూట మొయ్యాల్నా?"

"పిల్లకేమన్నా అయితే?"

"ఏం కాదు. ఎండింది. ఏకినా. ఏకినాక పేను బతుకుతాదా?"

"నాయనా, ఎండేసేటప్పుడు నా చేతిమీద కూడా పాకినాయి" అన్నాడు సర్దార్ మెల్లిగా. "మిద్దె మీద అది ఎండింది ఒక్క పూట."

పీరా సాబ్ చేతులు మళ్ళా పంచెకు తుడుచుకున్నాడు.

చివరికి పీరా సాబే అన్నాడు. "కుట్టు సరిగ్గా పడలేదని చెప్పు. పరుపు తెచ్చుకో. రేపటికి కొత్త దూదితో ఇస్తామను. నోరు మాత్రం జారొద్దు. విన్నావా? జారొద్దు."

హుసేనమ్మ చేతులు బూడిదతో తోముకుంది, సీకాయతో తోముకుంది. అయినా దారి పొడుగునా మెడమీద, జుట్టులో, జాకెట్టు లోపల ఏదో పాకుతున్నట్టే ఉంది. నడుస్తూనే గోక్కుంది. ఎదురొచ్చినవాళ్ళు చూస్తే చేతులు దించుకుంది.

శెట్టిగారి ఇంటి మెట్లమీద సుంకమ్మ కూర్చుని ఉంది. ఆ ఇంట్లో పిల్లలకు నీళ్ళు పోసే ముసలమ్మ. కొప్పు విప్పి, నెరిసిన జుట్టంతా ముందుకు వేసుకుని వీధిలో అందరి ఎదుట కూర్చుంది.

"హుసేనమ్మా, నువ్వన్నా చూడు. రా, దగ్గరకొచ్చి చూడు. నా తలలో పేను ఉందా? ఒక్కటంటే ఒక్కటి?"

"ఏమైందవ్వా?"

"బిడ్డ ఒళ్ళంతా దద్దుర్లంట. నా తలలో పేలు రాలినాయంట. వాసవికి ఈ చేతులతోనే నీళ్ళు పోసి పెంచితిని. ఇప్పుడు దాని బిడ్డకు నేను పేలంటించినానంట. ఇంగ గడప తొక్కొద్దన్నాది అమ్మ."

ముసలమ్మ జుట్టు పాయలు పాయలుగా విడదీసి చూపించింది. పోయే బండి ఒకటి నిదానించింది. బండివాడు నవ్వాడు. హుసేనమ్మకు కళ్ళు ఎత్తడానికి ధైర్యం చాలలేదు. ఆ జుట్టు ఉతికిన నార మాదిరి శుభ్రంగా ఉంది.

"కొప్పు ముడుచుకో అవ్వా" అంది.

లోపల కన్యకమ్మ నడవలో నిలబడి ఉంది. హుసేనమ్మ ఎప్పటిలా గడప ఇవతలే ఆగింది. ఇన్నేండ్లలో ఆ గడప దాటింది లేదు, దాటమన్నవాళ్ళూ లేరు.

"నువ్వా హుసేనమ్మా. మంచి వేళకే వచ్చినావు. ఆ పరుపు ఎంత మెత్తగుందే! మా వియ్యపురాలు చూసి, ఎవరు కుట్టినారని అడిగింది. వాళ్ళకు కూడా కావాలంట."

"అదేనమ్మా... ఆ పరుపు కుట్టు ఒకపక్క సరిగా పడలేదంట. మా ఇంటాయన తెమ్మన్నాడు. రేపటికల్లా..."

"ఇప్పుడా? బిడ్డకు ఇప్పుడే కునుకు పట్టింది. పాపం, నిన్నటి నుంచి నిద్ర లేదు దానికి. ఒకటే ఏడుపు. ఆ ముసల్దాని పుణ్యం."

"ఇప్పుడే ఇయ్యండమ్మా. నేను కూర్చుంటా. బిడ్డ లేచేదాకా కూర్చుంటా."

"అంత తొందరేమొచ్చింది? కుట్టు బాగానే ఉంది, నేను చూడలేదనుకున్నావా?"

నడవ చివర గదిలోంచి పసిబిడ్డ కీచుమంది. సన్నగా మొదలై, ఊపిరి అందనట్టు పైకెక్కింది. కన్యకమ్మ తలుపు తోసింది. వాసవి తొట్టెల మీదకు వంగి ఊపుతోంది. "అమ్మా, మళ్ళీ చూడు. మెడ కింద. ఇవి పొద్దున లేవు!"

తలుపు సందులోంచి హుసేనమ్మకు తొట్టెల కనిపించింది. తెల్లటి పొత్తిగుడ్డ కనిపించింది. ఆ గుడ్డ అంచున ఒక చుక్క. చూస్తుండగానే ఆ చుక్క కదిలి, బిడ్డ చెవి వైపు సాగింది.

గడప ఎప్పుడు దాటిందో ఆమెకు తెలియదు. నడవ దాటి, కన్యకమ్మను రాసుకుంటూ పోయి, తొట్టెల్లోంచి బిడ్డను రెండు చేతులా ఎత్తేసింది.

"అయ్యో! ఏం చేస్తున్నావే! మైల చేతులతో బిడ్డను..." వాసవి అరుపు ఇల్లంతా నిండింది.

హుసేనమ్మ వినలేదు. చెవి పక్కన వేలు వేసి ఆ చుక్కను నలిపింది. వేలిమీద రక్తం అంటింది. బిడ్డ మెడ కింద, చంకల్లో, తొడల సందున ఎర్రగా గుంపులు గుంపులుగా దద్దుర్లు. ఒళ్ళు కాలిపోతోంది. బిడ్డ మీది గుడ్డ పీకి అవతలికి విసిరేసింది.

"బిడ్డను నాకియ్యి" అంది కన్యకమ్మ. గొంతు పెంచలేదు. దానికే హుసేనమ్మకు ఎక్కువ భయం వేసింది. "నువ్వు వచ్చిన పని ఏందో ముందు చెప్పు."

నోరు జారొద్దు. విన్నావా? జారొద్దు. పీరా సాబ్ మాట చెవిలోనే ఉంది. వీధి మెట్లమీద సుంకమ్మ ఏడుపు కూడా ఇక్కడిదాకా వినబడుతోంది. ముక్కు చీదుకుంటూ, ఎవరో ఆడమనిషికి మళ్ళీ మొదటి నుంచి చెప్పుకుంటోంది.

"సుంకమ్మ తలలో ఏమీ లేవమ్మా."

"మరి?"

"ఆ పరుపులో ఉండాయి."

కన్యకమ్మ తొట్టెల వైపు తిరిగింది.

"దాంట్లో కోళ్ళగూట్లో దూది కలిసింది తల్లీ. మావాడు గూడు బాగు చేస్తానని దూది పరిచినాడు. అది తీసి మిద్దెమీద ఎండేస్తే, మా ఇంటాయన పాత పరుపు దూదనుకుని ఏకినాడు. కావాలని చేసింది కాదు. అల్లా తోడు, బిడ్డ తోడు, మాకు ఈ పొద్దు తెలిసింది. కోడి తిత్తి కోసినాకే తెలిసింది."

కోడి. గూడు. కోసిన తిత్తి. ఒక్కొక్క మాటకూ కన్యకమ్మ ముఖం పాలిపోతూ వచ్చింది. ఉన్నట్టుండి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పెరటి గుమ్మం దాకా పోలేకపోయింది. నడవలోనే, గోడ పట్టుకుని వంగి, భళ్ళున వాంతి చేసుకుంది. ఆ పరుపును కళ్ళకద్దుకున్న మనిషి.

వాసవి బిడ్డను లాక్కుంది. రొమ్ముకు అదుముకుని గోడ మూలకు పోయి నిలబడింది. హుసేనమ్మ చేతులు ఖాళీగా అలాగే చాపి ఉన్నాయి.

ఇప్పుడు తిడతారు. శెట్టిగారిని పిలుస్తారు. ఈ వీధిలో, పక్క వీధిలో, మార్కెట్టు దాకా పాకుతుంది మాట. సాయంత్రానికి సావిడి ముందు జనం చేరతారు. హుసేనమ్మకు అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. తిడితే బాగుండును. తొందరగా తిట్టేస్తే బాగుండును.

కన్యకమ్మ తిట్టలేదు. నోరు కడుక్కుంది. ముఖం తుడుచుకుంది. తొట్టెల దగ్గరకు పోయి, చూపుడు వేలు, బొటనవేలితో పరుపు అంచు పట్టుకుని ఎత్తి చూసింది. మూరన్నర పొడుగుంటుంది ఆ పరుపు. ఎంత దూది పట్టి ఉంటుంది? ఒక చాటెడు.

"హుసేనమ్మా."

"అమ్మా."

"మీ ఆయన ఆ దూదిని ఎంత ఏకినాడు?"

"గోతాం..." అంది హుసేనమ్మ. అని ఆగిపోయింది.

కన్యకమ్మ పరుపును నేలమీదికి వదిలేసింది. కళ్ళెత్తి సూటిగా చూసింది.

"మిగతాది ఎవరింట్లో పరుచుకుని పడుకున్నారే?"

తొట్టెల పరుపు మాట వినగానే హుసేనమ్మ ఇటు వచ్చేసింది. మిగతా దూది ఏ పరుపుల్లోకి పోయిందని ఇంట్లో అడగనే లేదు.